రంజన్ ఖాళీ చేసేటాయన

హుజూరాబాద్‌ల మా ఇంట్లో పొద్దుగూకినంక నిండా నీళ్లు నింపిన మట్టి రంజన్ తెల్లారేసరికి సగానికి దిగుతుండె. కుండ కారుతుందేమో అనుకుంటే, కింద పోసిన ఇసుక పొడిగనే ఉంటుండె. అవ్వ బాపు ఫోటో దిక్కు చూసి మొఖం తిప్పుకునేది. బాపు కిడ్నీలు చెడి కాలం చేసిండు. ఆఖరుకు గుక్కెడు నీళ్లడిగితే, డాక్టరు వద్దన్నడని అవ్వే చెంబు దాచింది.

కథలు కట్టుడు నాకు చిన్నప్పటి రోగం. ఇంట్లకే దయ్యమొస్తే వదులుతనా? ఒకనాడు కోడి కూయకముందే లేచి తలుపు సందులకెల్లి చూసిన. రంజన్ ముందర ఒకాయన వంగి గటగట తాగుతుండు. వెడల్పు వీపు, జర ఎత్తుగున్న ఎడమ భుజం. అచ్చం బాపే.

ఆయన ఇటు తిరిగిండు. మా అక్క కొడుకు! పోలీసు ఉద్యోగానికి పెట్టే ఉరుకుడు, గుండు విసురుడు ఈవెంట్ల కోసం మా ఇంట్లనే ఉండి, పెయింటు డబ్బాల సిమెంటు పోసుకొని బరువులెత్తుతుండు.

"మామా, అమ్మమ్మకు చెప్పకు. కండల బలానికి క్రియాటిన్ పొడి తాగుతున్న. నీళ్లు మస్తు తాగాలె."

"గా పొడి తాగి తాత లెక్క పోతవారా?"

"డాక్టర్‌ను అడిగే తాగుతున్న. కిడ్నీలు మంచిగున్నోళ్లకు ఫికర్ లేదన్నడు. అమ్మమ్మ వింటదా? డబ్బ తీస్కపోయి పెంటకుప్పల పారేస్తది. పోయినసారి గుండు విసురుట్ల జరంతల తప్పిన మామా. ఈసారి పోతే వయసు కూడ దాటుతది."

వాని నౌకరీ ముచ్చట కదా! అవ్వ దగ్గర కూసొని కథ అందుకున్న.

"బాపేనవ్వా, కండ్లార చూసిన. భుజాలు మంచిగ నిండినయి."

పరేషాన్ అయితదనుకుంటే ఆమె నవ్వింది. ఆ పొద్దుగూకి రంజన్ పక్కన ఒక బిందె గూడ నింపి పెట్టింది.

"తాగనీ బిడ్డా. అప్పుడు నేనే తాగనియ్యలే."

ఈవెంట్లకని ముందురోజే కరీంనగర్ పోయిన మేనల్లుడు, తెల్లారి గుండు విసిరి ఫోన్ చేసిండు.

"మామా, గట్టెక్కిన!"

ఆ సంబురంల మంచినీళ్లు తాగుదామని వంటింట్లకు పోయిన. రాత్రి అవ్వ నింపిన రంజన్ అడుగంటింది. బిందె గూడ.

బియ్యం డబ్బ ఎనుక వాడు దాచిపోయిన క్రియాటిన్ డబ్బ తీసి మూత తిప్పిన. లోపలి చెంచా ఇంకా తడిగున్నది.

"మీ బాపు ఇయ్యాల ఎట్లున్నడు బిడ్డా?" వాకిట్లకెల్లి అడిగింది అవ్వ.

నోట్లెకు ఒక్క కథ రాలే. ఉన్నదే చెప్పిన.

"బలం పడుతుండవ్వా."