భద్రమ్మ పాసైన ఏడో తరగతి

హనుమకొండలోని ఆ మిషన్ బడిలో శిశుతరగతి పిల్లలు కొత్తలో పెట్టే ఏడుపు వీధి చివరిదాకా వినిపించేది. దాన్ని మాన్పడం టీచర్ల తరం కాదు. లిదియా ఒళ్లో కూర్చోబెట్టుకొని, ముక్కు తుడిచి, పలక మీద చిన్న వేలు పట్టి అక్షరం దిద్దిస్తే గానీ ఎవరూ దారికి వచ్చేవారు కాదు. పేరుకు ఆయా. కడుపున పిల్లలు పుట్టని ఆమెకు లోకమంతా ఆ గదిలోనే ఉండేది.

ఎనభై నాలుగులో పైనుంచి కొత్త రూలు వచ్చింది. తరగతిలో టీచరుకు సాయపడే ఆయా ఏడో తరగతి పాసై ఉండాలి. కానివాళ్లు బయట ఊడ్చుకోవాలి, నీళ్లు మోసుకోవాలి. ఆ రూలు రాసిన పెద్దమనిషి జన్మలో ఒక్క పిల్లవాడి ముక్కయినా తుడిచి ఉండడు. తక్కిన ఆయాలు దిగులు పడ్డారు గానీ లిదియా నిబ్బరంగానే ఉంది. ఇంటికి వెళ్లి ట్రంకుపెట్టె అడుగునుంచి సర్టిఫికెట్ తీసుకొచ్చి హెడ్‌మిస్ట్రెస్ ప్రమీలమ్మ ముందు పెట్టింది.

"దీంట్ల భద్రమ్మ అని ఉన్నది కదనే?"

"బాప్తిస్మం కాకముందు నా పేరదేనమ్మా."

పాలకుర్తి దగ్గరి పల్లెలో మగ్గం నేసే సారంగపాణి కూతురు భద్రమ్మ. దవాఖానలో పనిచేసే దావీదును ఇష్టపడి పెళ్లాడి, బాప్తిస్మం తీసుకొని లిదియా అయింది. పాత బతుకు పోయిందనుకున్నాక పాత పేరెందుకని చర్చి పుస్తకంలో కొత్త పేరొక్కటే రాశారు. అప్పుడు అందరికీ అదే సబబనిపించింది.

"మీ నాయిన మీ ఊరి సర్పంచి ముందర భద్రమ్మ, లిదియా ఒక్కరేనని చెప్తే చాలు. సర్పంచి రాసిస్తడు" అంది ప్రమీలమ్మ.

చెప్పినంత సులువు కాదది. పెళ్లి సంగతి తెలిసినప్పుడు సారంగపాణి కోపం పట్టలేక, కూతురు చచ్చిందని ఊరందరినీ పిలిచి దినాలు చేశాడు. ఆ తర్వాత లిదియా మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు వెళ్లింది. మగ్గం గుంటలోంచి ముసలాయన తలెత్తి చాలాసేపు చూశాడు.

"తిన్నవా బిడ్డా?"

ఆ ఒక్క మాటకే ఆమెకు ఏడుపు పొంగుకొచ్చింది. తిన్నాక వచ్చిన పని చెప్పింది. మగ్గం మీద ఆయన చేతులు ఆగిపోయాయి.

"దినాలు చెయ్యద్దని నిన్ను కన్న అవ్వ నా కాళ్లు పట్టుకున్నది. నేను ఇనలే. ఏడ్సి ఏడ్సి మంచం పట్టి, గట్లనే పోయింది. ఇయాల నా బిడ్డ బతికే ఉన్నదని నలుగుర్ల ఏ నోటితోని చెప్పాలె? చెప్తే, ఉన్న బిడ్డకు దినాలు చేసి మీ అవ్వను పొట్టన పెట్టుకున్నట్టేనాయె." తువ్వాల భుజాన వేసుకొని లేచాడు. "అయినా పా. నీ బతుకుదెరువు పాడుగావద్దు."

సర్పంచి అరుగు మీద నలుగురూ చేరారు. ఆమె ఎవరో అక్కడ తెలియనివాళ్లు లేరు. సర్పంచి కూడా ఆ దినాల భోజనం కడుపునిండా తిన్నవాడే. అయినా తండ్రి నోటితో చెప్పందే రాయనన్నాడు.

"ఏం సారంగపాణీ, ఈమె నీ బిడ్డేనా?"

సారంగపాణి నోరు తెరిచాడు, మాట రాలేదు. తువ్వాల కొస పిడికిట్లో నలుగుతోంది. లిదియా ఆయన ముఖం చూసింది. ఇక చూడలేకపోయింది.

"భద్రమ్మ లేదు పటేలా. సచ్చిపోయింది" అంది తనే. "నేను హన్మకొండ లిదియాను."

సర్పంచి కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

తండ్రి బస్సు దాకా వచ్చాడు. బస్సు కదులుతుంటే, చుట్టూ ఊరివాళ్లెవరూ లేరని చూసుకొని, కిటికీ చువ్వ పట్టుకున్నాడు.

"జర పైలం భద్రమ్మా" అన్నాడు.

మర్నాడు ప్రమీలమ్మ ఏమైందని అడిగింది. ఆ సర్టిఫికెట్ తనది కాదని చెప్పి, లిదియా మూలనున్న చీపురు తీసుకుంది.