బయట కూర్చునే ఆంటీ

ఎదురింటి ఆంటీ పోయారు. వాళ్లబ్బాయి మెసేజ్ పెట్టాడు: "మమ్ పాస్డ్ అవే దిస్ ఆర్వో." ఈ మధ్యాహ్నం అమ్మ పోయిందని. అంతే. అప్పుడు షిఫ్టు ముగించుకుని బస్సులో ఉన్నాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మాత్రం ఇంకాస్త బరువెక్కింది.

పరాయి దేశంలోని ఈ క్రాన్‌బర్న్ శివారులో, మా అద్దె ఇంట్లో ఎప్పుడూ స్టూడెంట్సే. మనుషులు మారతారు, వంటగది డ్రాయర్‌లోని మాత్రల సంచి మారదు. ఇండియా నుంచి వచ్చే ప్రతివాళ్లూ పచ్చళ్లతో పాటు జ్వరం మాత్రలు, యాంటీబయాటిక్స్ తెస్తారు. వెళ్లేటప్పుడు మిగిలినవి అందులో వదిలేస్తారు. వీసాతో పాటు హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు అందరికీ ఉంది. అయినా ఎవరూ డాక్టర్ గడప తొక్కరు. జబ్బు రికార్డుకెక్కితే వీసాకి ఎసరని ఏ కాలంలోనో ఒక సీనియర్ అన్నాడట. ఆ మాటా సంచితో పాటే చేతులు మారుతోంది.

రెండో ఏడాది నాకు నిద్ర కరువైంది. యూనివర్సిటీ, షిఫ్టులు, మధ్యలో నిద్రమత్తు వస్తుందని సంచిలోంచి ఎలర్జీ మాత్ర. ఒక పొద్దున రోడ్డు అవతల నుంచి ఆంటీ పిలిచారు. వరంగల్ వదిలి ఇన్నేళ్లయినా ఆవిడ గొంతు వరంగల్‌లోనే ఉండేది.

"ఏం బిడ్డా, మొఖం గట్లున్నది?"

"బానే ఉన్నానాంటీ."

"మంచిగుంటే పసుపు మూత చెత్తబిన్ బయట పెట్టే దినం పచ్చమూతది పెడ్తవా? కారెక్కు."

"డాక్టరంటే మళ్లీ వీసాకి…"

"నీ నిద్ర ముచ్చట వీసా ఆఫీసుల చెప్పనీకి డాక్టరుకు గంత తీరికున్నదా? ఆ కార్డును ఫ్రేమ్ కట్టించుకుంటవా?"

డాక్టర్ అడిగింది ఒక్కటే, నిద్ర పడుతోందా అని. నేను భోరుమన్నాను. బయటికొచ్చేసరికి ఆంటీ వెయిటింగ్ రూమ్‌లో పిల్లలు ఆడుకునే మూల బుల్లి కుర్చీలో ఇరుక్కుని, తీగల బొమ్మ మీద పూసలు జరుపుతున్నారు.

నా కళ్లు చూసి, "ఏడ్వనీకి గూడ అపాయింట్‌మెంట్ కావాల్సొచ్చిందా బిడ్డా?" అని నవ్వి, టిష్యూ ఇచ్చారు.

ఆ తర్వాత కౌన్సెలింగ్‌కి చాలాసార్లు తీసుకెళ్లారు. లోపల ఏం మాట్లాడానో ఎన్నడూ అడగలేదు. "లోపటి ముచ్చట నీది, బయట కూసునుడు నాది" అనేవారు. మా వీధిలో ఎందరి కోసం అలా కూర్చున్నారో మొన్న అంత్యక్రియలకు వచ్చిన పిల్లల్ని చూశాకే తెలిసింది.

ఆ అంత్యక్రియల దగ్గరే, మా అద్దె ఇంట్లో కొత్తగా చేరిన అమ్మాయి ఆగకుండా దగ్గుతోంది. ఊపిరి తీస్తుంటే ఈల వినిపిస్తోంది.

"డ్రాయర్‌లో యాంటీబయాటిక్ దొరికిందక్కా, వేసుకున్నా."

"ఎవరిదది?"

"ఏమో."

నాకు నిలబడే ఓపిక కూడా లేదు. ఇంటికెళ్లి పడుకోవాలని ఉంది. చుట్టూ చూశాను, ఇంకెవరైనా కదులుతారేమోనని. అలా కదిలే మనిషిని సాగనంపడానికే అందరం వచ్చాం కదా.

"పద, బస్సెక్కు" అన్నాను.

"వద్దక్కా, వీసాకేమైనా…"

"ఆ కార్డు ఫ్రేమ్ కట్టించుకుంటావా?"

క్లినిక్‌లో ఆ పిల్ల లోపలికి వెళ్లింది. పెద్ద కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను బుల్లి కుర్చీలో కూర్చున్నాను, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. పూసలన్నీ తీగకు ఒకే చివర ఉన్నాయి. ఒక ఎర్రపూసను మెల్లగా ఇవతలికి జరిపాను. లోపల దగ్గు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఇంకో పూస జరిపాను.