వీరనారికి కవచం కొన్నాను

ఈ ఘోరం జరిగి కొన్నేళ్లయింది. అప్పుడే రాయకపోవడానికి కారణం సిగ్గు కాదు, నాకు అక్షరాలు రాకపోవడం. అవి అరవై దాటాక మనవరాలు సుజాత నేర్పింది. అంతకుముందు నాకు వచ్చినవి అంకెలే. బరంపురంలో మాది పట్టుచీరల కొట్టు. అంకెలు రాని కోడలికి మా అత్తగారు అన్నం కూడా పెట్టేది కాదు. ఆ అంకెలే నన్ను ముంచాయి.

ఒక ఆదివారం సుజాత తను ఫోనులో ఆడే యుద్ధం ఆటను టీవీలో పెట్టింది. నేను నోరు తెరిచాను, చాలాసేపు మూయలేదు. గోపాల్‌పూర్ సముద్రం కన్నా పెద్ద సముద్రం, మంచు కొండలు, గుర్రం ముక్కులోంచి ఆవిరి! కొండ కొసనుంచి ఒక వీరనారి కత్తి దూసి గాల్లోకి ఎగిరింది. ఎగిరించింది మా సుజాత బొటనవేలు! దండం పెట్టబోయి, ఆవిడ ఒంటివైపు చూసి ఆగిపోయాను. పక్కనున్న మగ సైనికులకు గోళ్ల దాకా ఇనుము. ఈవిడకు మాత్రం మేము చీర మడతల్లో పెట్టే కాగితమంత బట్ట.

"సూసేవా మామ్మా, ఆడోళ్లంటే ఈ ఆట సేసినోళ్లకెంత సులకనో!" అంది సుజాత.

పేపరు చదువుతున్న మా అబ్బాయి తలెత్తాడు. "మరెందుకాడతన్నావు? తీసెయ్."

"ఆట బాగుంది నానా. ఇందులో అమ్మే బట్టలే బాగులేవు."

"రెండూ కుదరవు. అవమానం నిజమైతే ఆట తీసెయ్యాల. కాదంటే నోరు మూసుకుని ఆడుకో."

పిల్ల ముఖం చిన్నబోయింది. కాలేజీ ఆడపిల్లలంతా జట్టు కట్టింది ఈ ఆట మీదే. ఎలాగైనా దాని ఆటను కాపాడాలనుకున్నాను.

"ఒరే, కొట్టన్నాక మంచి బట్ట ఉండకపోద్దేటి? నే తీసి సూపిస్తాను. ఆ ఫోను ఇలా తేవే!"

"మామ్మా, ఆగు! అందులో..."

"బట్టల యవ్వారం నాకు సెప్పకు."

ఆటలోని కవచాల కొట్టులో అన్నీ మూత వేసిన పెట్టెలే, కింద ధరలు. మా కొట్టులో ధర పెరిగేకొద్దీ అంచు వెడల్పు, జరీ బరువు. మీరైతే ఏం చేస్తారు? అన్నిటికన్నా పెద్ద అంకె నొక్కాను. సుజాత నెలల తరబడి ఆటలో గెలుచుకున్న రత్నాలన్నీ గలగలా పోయాయి. డప్పులు మోగాయి, పూలు రాలాయి, పెట్టె తెరుచుకుంది. వీరనారి మా వైపు తిరిగింది.

రెండు ఆకులు, ఒక తాడు.

"బాపరే!" మా అబ్బాయి పేపరు వెనక దాక్కున్నాడు.

"మిగతాదేదే?"

"అంతే మామ్మా. ఇందులో కరీదు పెరిగితే గుడ్డ తగ్గుతాది."

ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంత మొనగాడైన వర్తకుణ్ణి నేను చూడలేదు! తాడు ముక్కకు రత్నాల మూట!

"రుజువైపోయింది కదా, తీసెయ్," అంది పేపరు వెనక గొంతు.

సుజాత కళ్లలో నీళ్లు తిరిగాయి. కాపాడబోయి ముంచేసింది నేనే.

"ఒరే, కొలత తక్కువ చీరొస్తే ఏటి సేస్తావు? కొట్టు మూసేస్తావేటి?"

"ఎందుకు మూస్తాను? పంపినోణ్ణి నిలదీసి అడుగుతాను."

"మరి దాన్నీ అడగనీ!"

"సరే, ఆడుకో," అంది పేపరు.

ఆ ఆకులతోనే వీరనారి మంచులో దూకి ఒక సైన్యాన్ని మట్టి కరిపించింది. ఒక్క తుమ్ము లేదు! నేను నోరు తెరుచుకునే, ఇక మీదట మూత తీయకుండా, మూర వేయకుండా, దేవకన్యకైనా సరే బట్ట కొననని ఇలవేల్పు మీద ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే, కొట్టులో అగరొత్తి కూడా వెలిగించకుండా, సుజాతను కూర్చోబెట్టి ఆట తయారుచేసినవాళ్లకు చెప్పి రాయించాను: "అయ్యా, మీరు పంపిన కవచం అందింది. ధర పూర్తిగా తీసుకున్నారు, గుడ్డ పూర్తిగా పంపలేదు. మిగతాది వెంటనే పంపగలరు."