మా వియ్యంకుడు పారబోసిన సీసా

మా అమ్మాయి తాంబూలాల నాడు నేను మర్యాదకి పెట్టిన విస్కీ సీసాని మా పెరట్లోనే పారబోసి, బట్టలుతికే బండకేసి పగలగొట్టిన మనిషి మొన్న మంగళవారం పోయాడు. ఆయన మా వియ్యంకుడు. కొల్లేటి పక్కన చేపల చెరువు గట్టు మీద ఉండగా గుండెల్లో నొప్పి అన్నాడట. కారులో ఏలూరు తీసుకెళ్తుంటే హైవే ఎక్కకముందే అయిపోయింది. మా అమ్మాయి ఫోను చేసి "నాన్నా, మావయ్యగారు..." అని ఆగిపోయింది. అప్పుడు నేను తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తా మీద కూచుని ఉన్నాను. ఏడుపు రాలేదు. ఉన్నమాటే రాస్తున్నాను. ముందు గుర్తొచ్చింది ఆ సీసా. ఎందుకలా చేశారని ఇంక ఆయన్ని అడగడానికి లేదు కదా అనిపించింది.

పెద్దకర్మకి ముందు పేపర్లో వేయించడానికి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా అల్లుడు అడిగాడు. నేను చదువుకున్నవాణ్ణి కాను, అక్షరాలు కూడబలుక్కుని రాస్తాను. మంచి మాటలు ఉన్నాయి, వస్తాయి. సీసా సంగతి ముందు.

ఆయన వయసులో ఉండగా సరుకు ఓడల్లో వంటవాడు. అమెరికా రేవుల్లో దిగినప్పుడు బర్బన్ అలవాటైంది. బర్బన్ అంటే మొక్కజొన్నతో చేసే అక్కడి విస్కీ. తిరిగొచ్చి చెరువులు తవ్వించుకున్నాక కూడా తాగితే అదే, లేకపోతే లేదు. అది తెలిసి, మా ఇంటికొస్తే బర్బనే పెట్టాలని పంతం పట్టాను. ఏలూరులో ఉండే మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, "నాకొదిలెయ్ బావా, ఫారిన్ సరుకు తెప్పించే మనుషులు నాకున్నారు" అన్నాడు. తెచ్చాడు. పెట్టె నల్లగా నిగనిగలాడుతూ, మీద బంగారు అక్షరాలతో పెళ్ళికూతురి నగల పెట్టెలా ఉంది.

తాంబూలాలు మార్చుకునేముందు మగవాళ్ళం మేడ మీద కూచున్నాం. మా బావమరిదే సీసా తీసి ఆయన ముందు పెట్టి, "నేనే తెప్పించానండి, ఒరిజినల్" అన్నాడు. ఆయన సీసాని వెలుగుకి ఎత్తి చూశాడు. తలకిందులు చేశాడు. మూత చుట్టూ బొటనవేలు తిప్పాడు. తెరిచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రుద్ది వాసన చూశాడు. మొహం మాడిపోయింది. ఎవరితోనూ ఒక్క మాట లేకుండా సీసా పట్టుకుని మెట్లు దిగి పెరట్లోకి వెళ్ళాడు. కాలవలో మొత్తం ఒంపేశాడు. సీసా బండకేసి కొట్టాడు. మా వాళ్ళంతా పిట్టగోడ మీద నుంచి తొంగి చూస్తున్నారు. ఆయన గాజుపెంకులు చేత్తో ఏరి పాత పేపర్లో చుట్టి, చేతులు కడుక్కుని పైకొచ్చి కూచున్నాడు.

"బావగారూ, కాస్త మజ్జిగ ఇప్పించండి. ఎండ చంపేస్తోంది" అన్నాడు.

మా పెదనాన్న కొడుకు నాకు వినబడేలాగే అన్నాడు: "ఉల్లిపాయలాడి మందు దొరగారి గొంతు దిగదు కాబోలు." కొందరు నవ్వారు. మా బావమరిది నవ్వలేదు, అరవలేదు. కూరలో ఉప్పు తక్కువైతే ఊరంతా ఏకం చేసే మనిషి. చెప్పులు వేసుకుని, భోజనం చెయ్యకుండా బండెక్కి వెళ్ళిపోయాడు. నాకు జరిగిన అవమానానికి వాడు కుమిలిపోయాడనుకున్నాను.

పిల్ల మొహం చూసి మింగాను. పెళ్ళయింది. మనవరాలు మూడో తరగతికొచ్చింది. ఇన్నేళ్ళూ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇప్పుడు మంచి మాటలు. మా అమ్మాయిని ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనకుండా చూసుకున్నాడు. చెరువులో చేపల పట్టుబడి అయినప్పుడల్లా తడి గోనెసంచిలో కొరమీనులు చుట్టి బస్సులో నాకు పంపేవాడు. నేను ఉల్లిపాయల బస్తా పంపేవాణ్ణి. కలిస్తే వేళాకోళం మానేవాడు కాదు. "బావగారూ, ఉల్లిపాయ కోస్తే ఏడుపొస్తుంది. మీ మొహం చూస్తే కొయ్యకుండానే వస్తుందండి" అనేవాడు. "మీ చేపలకి నోరుంటే మీ సంగతి అవే చెప్పేవి" అనేవాణ్ణి. నేను నవ్వకుండా అనేవాణ్ణి. ఆయనకది తెలుసు.

చెరువు మీద ఆయన మకాం రెండు గదుల రేకుల ఇల్లు. అక్కడ ఆయన అన్నగారు ఉంటాడు. కళ్ళు కనబడవు. షుగరు వల్ల పోయాయని మాకు చెప్పారు. ఆయన నడవడానికి గుమ్మం దగ్గర నుంచి గట్టు చివరి దాకా నైలాన్ తాడు కట్టించాడు మా వియ్యంకుడు. ఏ చెరువు పని చూసుకున్నా ముందు ఆ తాడు బిగువు చూసేవాడు.

ఎవరైనా సీసా కొనడానికి సలహా అడిగితే మటుకు ఆయనకి విసుగుండేది కాదు. "పెట్టె మీద బంగారం చూడకండి, వెనకాల చిన్న అక్షరాలు చూడండి. ఎక్కడ కాచారో, ఎన్నేళ్ళు పీపాలో పెట్టారో రాసుండాలి. లోపల కాల్చిన కొత్త చెక్క పీపాలో పెడతారండి, ఆ రంగు దానికదే రావాలి. రంగు కలిపిందీ, ఎసెన్సు కలిపిందీ వద్దు. మూత కింద రింగు తెగి ఉంటే ఊరికే ఇచ్చినా వద్దు. మీకు తెలిసిన షాపులో, బిల్లు మీద కొనండి. తెలిసిన మనిషి దగ్గర కాదు, తెలిసిన షాపులో" అనేవాడు. తాగేది రెండే పెగ్గులు. సీసా ఖాళీ అయ్యిందంటే ఎవరిదైనా సరే, తనే పగలగొట్టి పెంకులు ఏరేవాడు. నేనున్నప్పుడు పగలగొడితే నాకు ఒళ్ళు మండేది. మా ఇంట్లో చేసింది మళ్ళీ నా కళ్ళ ముందు చేస్తున్నాడనుకునేవాణ్ణి.

దహనం అయిన మర్నాడు మకాం దగ్గర అరుగు మీద ఆయన అన్నగారి పక్కన కూచున్నాను.

"బావగారూ, మావాడి మీద మీకు ఇంకా కోపంగానే ఉందండి" అన్నాడు.

"పోయినాయన మీద కోపమేంటండీ."

"ఉంది లెండి. గొంతులో ఉంది. నాకు గొంతులే కదండీ కనబడేవి." నా వైపు తిరిగాడు. "నా కళ్ళు షుగరుకి పోలేదండి. అమెరికా సీసాకి పోయాయి. సీసా అమెరికాదే, లోపలున్నది కాదు. ఒక పట్టుబడి విందులో ఎవడో తెచ్చాడు. నాతోపాటు తాగినోళ్ళు ఇద్దరు పోయారు. మావాడు తాగి గట్టు మీద పారేసిన ఖాళీ సీసానే పాతసామాన్లవాడు పట్టుకెళితే, అదే కల్తీ సరుకుతో నిండి తిరిగొచ్చిందని మావాడి నమ్మకం. అదో కాదో ఎవరికి తెలుసండీ? వాడు అదేననుకున్నాడు. అప్పట్నుంచీ పగలగొట్టడం."

"మరి మా ఇంట్లో సీసా?" అన్నాను.

"మీ ఇంట్లో మూత తియ్యగానే అదే వాసనటండి. పెయింట్లో కలిపే తిన్నరు వాసన. ఇంటికొచ్చి సబ్బుతో ఎన్నిసార్లు చేతులు కడిగాడో."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"నేనూ అదే అన్నాను. 'చెబితే ఎవరు తెచ్చారంటారు అన్నయ్యా. వాళ్ళ బావమరిదే తెచ్చాడు. కొట్టుకుంటారు, తాంబూలాలు అక్కడే ఆగిపోతాయి. ఆ పిల్ల మనింటికి రావాలి. నన్ను పొగరుబోతంటే అననీ' అన్నాడండి."

ఆ రోజు మేడ మీద గ్లాసులు పెట్టుకుని కూచున్నది నేనూ, మా అన్నదమ్ములూ, ఇప్పుడు నా అల్లుడైన కుర్రాడూ. ఆయన వాసన చూడకపోతే ముందు తాగేది నేనే. మర్యాద నాది కదా.

ఆయన చేసింది మంచిదే. కానీ చెప్పకపోవడం తప్పు. ఇన్నేళ్ళు నా చేత ఒక మంచిమనిషిని లోపల్లోపల తిట్టించాడు. ఆ మాట ఆయన ఎదురుగా ఉన్నా అంటాను.

వచ్చే ఆదివారం పెద్దకర్మ. పోయినాయనకి ఇష్టమైనవి ఫోటో ముందు పెట్టడం మాలో ఉంది. సీసా నేనే పెడతానన్నాను. నిన్న ఏలూరు వెళ్ళి, వట్లూరు వైపు పెద్ద షాపులో కొన్నాను. అక్కడి మనిషి "ఇది తీసుకోండి పెద్దాయనా, పెట్టె అదిరిపోతుందండి" అంటే "పెట్టె తాగేవాళ్ళకి ఇవ్వు" అన్నాను. వెనకాల అక్షరాలు ఇంగ్లీషు. అన్నీ చదివించుకున్నాను. మూత రింగు వేలితో చూశాను. తలకిందులు చేసి వెలుగులో పెట్టాను. బిల్లు తీసుకున్నాను. ఆయన ఇది తాగి ఉండేవాడు.

ఇక మా బావమరిదికి. నా రాత అచ్చులో కనబడితే అందరికంటే ముందు నువ్వే చదువుతావు. నీ ఇంటికొచ్చాను, లేనన్నావు. ఫోను ఎత్తలేదు. ఆ రోజు అన్నం తినకుండా ఎందుకు వెళ్ళిపోయావో నాకిప్పుడు అర్థమవుతోంది. కాదంటావా, వచ్చి కాదను.

ఆదివారం ఫోటో ముందు సీసా ఉంటుంది, పక్కన రెండు గ్లాసులు. ఒకటి ఆయనది, రెండోది నీది. బర్బన్ అంతా చెరువులో ఒంపేశాక ఆ సీసా పగలగొట్టేది ఆయన అన్నగారు. నిన్న సాయంత్రం తాడు పట్టుకుని గట్టు చివరికెళ్ళి, కొట్టడానికి రాయి ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలు లేచేలోగా ఆయన ముందు నిలబడి చెప్పాలి. ఆ గుడ్డివాడికి నీ గొంతు వినబడాలి. తెలిసి తెచ్చావా, తెలియక తెచ్చావా?