జైలు రొట్టె

రిటైరైన లెక్కల మాస్టారు రోజూ పొద్దున్నే జైలు గోడకున్న కిటికీ ముందు వరసలో నిలబడతారు. అక్కడ అమ్మే, ఖైదీలు కాల్చిన రొట్టె అంత మెత్తగా ఊళ్లో మరెక్కడా దొరకదు. పై పళ్లు ఊడిపోయిన ఆయనకు పొద్దుటిపూట ఇంకేదీ నమలడం కుదరదు. వరస కదిలేలోగా చంకలోని పేపరు తీసి, అందులోని దొంగలందరికీ శిక్షలు వేసేస్తారు. గొలుసు తెంచినవాడికి పదేళ్లు, కల్తీ నూనె అమ్మినవాడికి యావజ్జీవం. "వీళ్లని కూర్చోబెట్టి మేపడం దండగ" అంటూనే కిటికీ దగ్గరకు చేరి, రొట్టెను బొటనవేలితో నొక్కి, వాసన చూసి, తృప్తిగా కళ్లు మూసుకుంటారు.

ఆ రోజు ఎంత నొక్కినా వేలు దిగలేదు. "ఏమయ్యా, ఇది రొట్టా, ఇటుకా?" అన్నారు కిటికీలోని వార్డరుతో.

"కాల్చేవాడు వెళ్లిపోయాడు మాస్టారూ. బుద్ధిగా ఉన్నాడని రెండేళ్లు ముందే వదిలేశారు."

"ముందే ఎలా వదుల్తారయ్యా? శిక్షంటే శిక్షే."

"బయట రొట్టెల కొట్టు పెట్టుకుంటాడట. ఎవరూ గది అద్దెకివ్వట్లేదు. మీ వీధి గది ఖాళీయేగా, ఇవ్వకూడదూ?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"ఇంతకీ ఏం చేసి వచ్చాడు?"

"ఇళ్ల తాళాలు పగలగొట్టి."

మాస్టారు రొట్టెను మరోసారి నొక్కి చూశారు. తర్వాత కిటికీలోకి వంగి, గొంతు తగ్గించి, ఆశగా అడిగారు.

"పోనీ, మళ్లీ ఏదో ఓ చిన్న దొంగతనం చేసి లోపలికి రాడంటావా?"