భాగహారంలో ఐదో మెట్టు

“రాసీమంటావేటి, సూరమ్మా?”

“రాసీయండి, బాబూ.”

దానియేలు మాస్టారికీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆయన రిటైరైన రోజు సుద్దముక్క పట్టుకుని గోడ దగ్గర నిలబడి అడిగారు. ఆయన మాస్టారు, నేను ఆయాని. ఒక అంకె వేయడానికి ఆయన నన్నెందుకు అడగాలో తెలియాలంటే ఆ గోడ సంగతి చెప్పాలి. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా మనవరాలు జ్యోతి రాస్తోంది.

కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు కూలీల ఇళ్ల లైన్ల వెనక ఉన్న చిన్న బడిలో నేను ఆయాగా చేరింది అరవయ్యో దశకం మొదట్లో, మిల్లులో పనిచేసే మా ఆయన పోయాక. ఆయా అంటే గది ఊడ్చి, కుండ నింపి, గంట కొట్టి, బోర్డు తుడిచే మనిషి. హోదాలో నాకంటే కింద బడిలోకి వచ్చే మేకలే ఉండేవి.

నాలుగో తరగతికి ఉన్నది ఒకటే గది. ఎడమ సగంలో తెలుగు సెక్షన్, కుడి సగంలో బెంగాలీ సెక్షన్. రెండింటికీ కలిపి ఎదురుగా ఒకటే గోడ, నల్లరంగు పూసి బోర్డు చేశారు. నడుమ ఒక తెల్లగీత. గీతకి ఇటు దానియేలు మాస్టారు, అటు హరిపద బాబు. ఆయన్ని లైన్లలో అందరూ దాదా, అంటే బెంగాలీలో అన్న, అనేవాళ్లు.

ఒక ఏడాది స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ వచ్చి, తెలుగు పిల్లలు చిన్న అంకెలే భాగిస్తున్నారని తప్పుపట్టారు. మళ్లీ వచ్చినప్పుడు పెద్ద సంఖ్య తానే ఇస్తానని, చేయలేకపోతే తెలుగు సెక్షన్ ఎత్తేసి పిల్లల్ని బెంగాలీలో కలిపేస్తానని అన్నారు. నా పని తెలుగు సెక్షన్ పేరున ఉన్నది. అది పోతే నేనూ నా ఇద్దరు పిల్లలూ మిల్లు గేటు ముందు కూర్చోవాల్సిందే.

అప్పటినుంచి మాస్టారు గోడ పట్టినంత సంఖ్యలు ఇవ్వడం మొదలుపెట్టారు. భాగహారంలో భాజకం, అంటే దేనితో భాగిస్తామో అది, ఎడమవైపు వేస్తారు. భాగించే పెద్ద సంఖ్య మధ్యలో. జవాబుని భాగఫలం అంటారు, అది కుడివైపు. లెక్క కిందకు దిగుతుంటే జవాబు పక్కకు పాకుతుంది. మా సగం పెద్ద సంఖ్యకే సరిపోయేది, జవాబు గీత దాటి దాదా వైపు పోయేది.

దాదా ఊరుకోలేదు. బెంగాలీలో నాలుగు అంకె మన ఎనిమిదిలా ఉంటుంది, మీ ఎనిమిది చూసి మా పిల్లలు పాడైపోతున్నారని గొడవ. జవాబు పైన రాసుకోవచ్చు కదా అన్నారు. నెత్తిన జవాబు మోసే లెక్క నా గురువు నేర్పలేదని మాస్టారు ససేమిరా అన్నారు. చివరికి హెడ్మాస్టరు తీర్పు చెప్పారు. గీత దగ్గరకి రాగానే పిల్ల ఆగి, చేతులు కట్టుకుని, “దాదా, లిఖ్‌బో?” అని, అంటే రాయనా అని, అడగాలి. ఆయన “లేఖో” అంటే రాయాలి. అంకె అంకెకీ అడగాలి. లెక్క అవగానే అటువైపు అంకెల్ని తుడవడం నా డ్యూటీ.

ఏడాదంతా అలాగే సాధన చేశారు. ఇన్‌స్పెక్టర్ వచ్చిన పూట, ఎవరూ అందించకుండా బెంగాలీ సెక్షన్‌ని బయటికి పంపేశారు. దాదా టీ కొట్టుకి పోయారు. ఇన్‌స్పెక్టర్ మా సగం నిండా ఒక సంఖ్య వేసి, మా సెక్షన్ పిల్ల నూకాలుని లేపారు. గుంట చకచకా భాగించింది. గీత దగ్గరకి రాగానే చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

రాయి అన్నారు ఇన్‌స్పెక్టర్. రాయలేదు. భాగహారం ఎలా చేయాలో తెలుసా అని అడిగారు. తెలుసంది. భాగించాలి, గుణించాలి, తీసివేయాలి, పై అంకె దించుకోవాలి, దాదాని అడగాలి.

మాస్టారి మొహం సున్నం కొట్టినట్టయింది. “రాసీ, అమ్మా” అన్నారు మెల్లగా.

“మిమ్మల్ని కాదు కదండీ అడగాల,” అంది నూకాలు. వెనక పిల్లలందరూ అవునని తలూపారు.

నేను చీపురు పారేసి పరుగెత్తాను. దాదా మట్టి కప్పుతో టీ తాగుతున్నారు. అలాగే లాక్కొచ్చాను. ఆయన గుమ్మంలో నిలబడి గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. ఒక్క మాట అనకపోతే ఆ గోడంతా ఆయనదే. తరువాత మా పిల్లలు కిక్కిరిసి కూర్చున్న బల్లలు చూశారు. వాళ్లూ ఆయనకే వస్తారు. ముక్కు చీదుతున్నవాడు, బల్ల కొరుకుతున్నవాడు, అందరూ. కప్పులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశారు.

“లేఖో,” అన్నారు.

నూకాలు అడుగుతూ, దాదా అనుమతిస్తూ, లెక్క ముగిసింది. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద చేసి చూసుకున్నారు. శేషంతో సహా సరిపోయింది. సెక్షన్ ఉంచారు. అయితే, పద్ధతిలో అనుమతి ఒక మెట్టుగా ఉన్నప్పుడు, అనుమతి ఇచ్చే మనిషి టీ కొట్టులో ఉండకూడదని రాసి వెళ్లారు. గీత చెరిపేద్దామని ఎవరైనా అంటే, తనిఖీలో నెగ్గిన పద్ధతిని ముట్టుకోకూడదనేవారు హెడ్మాస్టరు. దాదా టీ మానలేదు. గదిలో ఎప్పుడూ ఉండేది నేనే కాబట్టి ఆ పని నా మీద పడింది. అంకెలు రాని నేను, ఆ బడి పిల్లలందరి జవాబులకీ “రాయి” అన్నాను. మాస్టారు కూడా నన్ను అడక్కుండా గీత దాటలేదు.

లెక్క నేర్పేటప్పుడు పిల్లల చేత ఏం చేయిస్తే అదంతా వాళ్లకి లెక్కే. ఏది లెక్కో, ఏది గోడో విడదీసి చెప్పకపోతే రెండూ కలిపి నేర్చుకుంటారు. ఆయాగా నాకు తెలిసింది ఇంతే.

జ్యోతీ, నువ్వు తెలుగు ఒత్తుల దగ్గర ఆగి నా మొహం చూస్తావు. ఆగకు. నన్నేటీ అడక్కు. మొదట్నుంచి ఒకపాలి చదివి ఇనిపించు.