ఐదు నిమిషాల నిమ్మళం

కర్నూలులో నేనిప్పుడు పనిచేసే బడిలో పొద్దున ప్రార్థన అయ్యాక ఐదు నిమిషాలు పిల్లల్ని కళ్లు మూసుకుని కూర్చోబెడతారు. ఆ ఐదు నిమిషాలకు నా తరగతిని పక్క గది టీచరుకు అప్పజెప్పి వరండాలోకి వచ్చేస్తాను. ఏమైందని అడిగితే తలనొప్పి అంటాను. రోజూ అదే వేళకు తలనొప్పి ఎలా వస్తుందో ఆమెకు అనుమానమే. కళ్లు తెరవండి అనే మాట నా నోటికి రాదని ఆమెకెలా చెప్పను?

అంతకుముందు మంత్రాలయం వైపు ఒక పల్లెలో ఒకటి, రెండు తరగతులకు చెప్పేదాన్ని. రెండు గదులు, ఒక వరండా, బయట రేకుల కింద మధ్యాహ్న భోజనం వండే పొయ్యి. హెడ్మాస్టరు, నేను, వంటచేసే అక్క, ఇంతే మా సిబ్బంది. ఒకసారి మమ్మల్ని శిక్షణకు పిలిచి, చిన్నపిల్లలకు మైండ్‌ఫుల్‌నెస్ నేర్పండి, ఇంట్లోవాళ్లనూ బడిలో పనిచేసే అందరినీ కలుపుకోండి అన్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పలకలు లేని పిల్లలకు ప్రశాంతత నేర్పాలంట అని తిరుగు బస్సులో దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాను.

అయినా మొదలుపెట్టాం. ఆ ఇంగ్లీషు పేరు మా హెడ్మాస్టరుకు నోరు తిరగలేదు. "నిమ్మళంగా కూసునేదే గదా సార్, నిమ్మళం అంటే పోలా" అంది వంటక్క. అదే పేరైంది. పిల్లలు కళ్లు మూసుకుని చుట్టూ వినబడేవన్నీ వినాలి. పొయ్యి మీద పప్పు ఉడికేది, దూరాన ట్రాక్టరు, పక్కవాడు ముక్కు ఎగబీల్చేది. నేను "తెరవండి" అనేదాకా ఎవరూ తెరవకూడదు. ఈ కట్టుబాటు శిక్షణలో చెప్పింది కాదు, నేను పెట్టిందే.

రెండో తరగతి పిల్ల ఒకతె మాత్రం కళ్లు మూసేది కాదు. ముందు వరుసలో కూర్చుని రెప్ప వాల్చకుండా నన్నే చూసేది. బుజ్జగించాను, అదిలించాను. నాలుగో రోజు నా ఓపిక అయిపోయింది. వెనకనుంచి వెళ్లి నా రెండు చేతులతో ఆ పిల్ల కళ్లు మూసేశాను. అరవలేదు. నా అరచేతుల కింద రెప్పలు టపటపా కొట్టుకున్నాయి, కాసేపటికి వేళ్లు తడిశాయి. మొండిఘటం అనుకున్నాను, అంతే. ఆ రెప్పలు ఇప్పటికీ నా చేతుల్లో కొట్టుకుంటూనే ఉన్నాయి.

అసలు సంగతి చెప్పింది వంటక్క. "ఆ పాప ఇంట్లో గూడా నిద్రపోదు మేడమ్. అవ్వ కొంగు చేతికి ముడేసుకోని పండుకుంటుందంట."

"ఎందుకక్కా?"

"పోయిన సుగ్గికి, ఆ పాప నిద్రపోతాంటే వాళ్లమ్మా నాయినా లారీ ఎక్కిరి గదా."

సుగ్గికి పోవడమంటే మా పడమటి పల్లెల్లో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడి చేలల్లో పని అయిపోగానే సగం ఊరు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతుంది, మూడు నాలుగు నెలలకు గానీ తిరిగి రాదు. చిన్నపిల్లల్ని అవ్వల దగ్గర వదులుతారు. వదలడానికి ఒక పద్ధతి ఉంది. పిల్లలు నిద్ర లేవకముందే పోవాలి. లేచి ఏడిస్తే కాళ్లు ముందుకు పడవని. దాన్ని ఎవరూ మోసం అనుకోరు, అందరూ చేసేదే.

ఆ వారమే తల్లిదండ్రుల్ని బడికి పిలిచాం. వాళ్లూ పిల్లల పక్కన కూర్చుని కళ్లు మూసుకోవాలని చెబితే ఒక తండ్రి లేచి, "మేము చర్చికి పోయేటోళ్లము మేడమ్. ఇది పూజనా?" అని అడిగాడు. పూజా కాదు, ప్రార్థనా కాదు, ఊరికే కూర్చోవడమే అన్నాను. "ఊరికే కూసునేది గూడా నేర్పుతారా" అని నవ్వి కూర్చున్నాడు. పొలం నుంచి నేరుగా వచ్చిన ఒకామె రెండో నిమిషానికే గురక పెట్టింది. పిల్లలు కిసకిసలాడారు.

అందరూ వెళ్లాక ఆ పిల్ల తల్లిని ఆపి కడిగేశాను. నిద్రపోయే బిడ్డను వదిలి దొంగల మాదిరి పోతారా, కళ్లు మూస్తే ఎవరు పోతారోనని అది బిక్కచచ్చిపోతోంది అన్నాను.

ఆమె తల వంచుకునే మాట్లాడింది. "అది ఏడిస్తే నేను పోలేను మేడమ్. పోకుంటే గడవదు."

"ఏడవనీ. లేపి చెప్పి పో. ఎప్పుడొస్తావో చెప్పు. తర్వాత నేను చూసుకుంటా."

"మీరుంటారా?"

"ఉంటాను."

ఆ ఏడు ఆమె బిడ్డను లేపి చెప్పింది. పిల్ల లారీ వెంట పరిగెత్తిందట, తల్లి దిగి ఎత్తుకుని మళ్లీ చెప్పి, ఏడుస్తూనే ఎక్కిందట. ఆ పొద్దు పిల్ల ఉబ్బిన మొహంతో బడికి వచ్చింది. అందరూ నిమ్మళానికి కూర్చుంటుంటే నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. "మేడమ్, నేను కండ్లు మూసుకుంటే నువ్వు పోవు గదా?"

"పోను. నేను తెరవమన్నాక చూడు, ఈడనే ఉంటా."

మూసుకుంది. పది అంకెలు లెక్కపెట్టి "తెరువు" అన్నాను. తెరిచి నన్ను చూసింది, నవ్వలేదు గానీ మళ్లీ మూసుకుంది. మర్నాడు ఇంకాసేపు. నెల తిరిగేసరికి అందరితో పాటు ఐదు నిమిషాలూ కూర్చోగలిగింది. రాత్రిళ్లు కొంగు ముడి వేసుకోవడం మానేసిందని అవ్వ వచ్చి చెప్పి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఎంత పొంగిపోయానో. ఆ చేతులే కదా అని కూడా గుర్తు రాలేదు నాకు.

ఆ తల్లి ఇంకా సుగ్గిలో ఉండగానే నాకు సర్దుబాటు కింద కర్నూలు బడికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. మా ఆయన ఉద్యోగం అక్కడే, ఎన్నో ఏళ్లుగా నేను అడుగుతున్నదే. తప్పు ఎవరి మీదా నెట్టడానికి లేదు. చేతిలో మూడు రోజులున్నాయి. పిల్లలకు ఈ రోజు చెబుతాను, రేపు చెబుతాను అనుకుంటూ మూడూ గడిపేశాను. నాలుగో పొద్దున సంతకాలు పెట్టి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఆటో ఉంది. పిల్లలు వరండాలో నిమ్మళంలో ఉన్నారు, నేను కూర్చోబెట్టిన నిమ్మళమే.

హెడ్మాస్టరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "పిల్లోళ్లు సూస్తే ఇంక నిన్ను వదలరమ్మా. ఇప్పుడే పో. తెరవమని నేను చెప్తాలే."

ఆ పిల్ల ముందు వరుసలోనే ఉంది. నోరు కొంచెం తెరుచుకుని, భుజాలు వదిలేసి, ఏ బెంగా లేకుండా కూర్చుంది. దగ్గరికి వెళ్లి చెప్పాలి. చెబితే ఏడుస్తుంది, ఏడిస్తే నేను పోలేను. ఆ తల్లి మాటే నా మనసులోకి వచ్చిందని అప్పుడే తెలిసింది నాకు. తెలిసి కూడా చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాను, చప్పుడు కాకుండా.

కర్నూలు బస్సులో ఉండగా మధ్యాహ్నం వంటక్క ఫోన్ చేసింది. సారు తెరవమంటే అందరూ తెరిచారట, ఆ పిల్ల ఒక్కతే తెరవలేదట. "మేడమ్ చెప్పలే గదా అంటాంది. అన్నానికి చేయి పట్టుకోని నేనే తీసుకొచ్చినా. కండ్లు మూసుకోనే తినె. మీరన్నా చెప్పండి మేడమ్."

ఫోను పిల్ల చెవి దగ్గర పెట్టింది. ఊపిరి వినిపించింది. తెరవమంటే చూస్తుంది. చూస్తే నేను ఉండాలి.

"తెరువు పాపా" అన్నాను.

ఫోను చేతులు మారిన చప్పుడైంది. తర్వాత వంటక్క గొంతు వచ్చింది. "తెరిచె మేడమ్."

"ఏమంటోంది?"

"మీకోసం సూస్తాంది."

బస్సు అప్పుడే ఎమ్మిగనూరు స్టాండులో ఆగింది. పక్కనే మంత్రాలయం పోయే బస్సు నిలబడి ఉంది, కండక్టరు రండి రండి అని పిలుస్తున్నాడు. నేను దిగలేదు.